రెండో ముంత

పట్నానికి అరకోసు దూరంలో ఒక చలివేంద్రం ఉండేది. తాటాకు పందిరి కింద ఇసుక పరిచి, ఆ ఇసుకలో ముప్పై కుండలు వరసగా కూర్చోబెట్టి ఉండేవి. పక్కనే ఒక బావి. ఆ బావిలో రోజుకు ముప్పై కుండల నీళ్ళే ఊరేవి. ముప్పై ఒకటో కుండకి బురద వచ్చేది.

పందిరికి తూర్పున పట్నం, పడమర ఒక మిట్ట. మిట్ట అవతల ఆరు కోసుల చవిటి నేల. ఉప్పు మోసేవాళ్ళు ఆ నేల దాటి పట్నానికి వచ్చేవాళ్ళు. మిట్ట దగ్గరికి వచ్చేసరికి దారి రెండుగా చీలేది. ఎడమ దారి మిట్టెక్కి దిగి నేరుగా చలివేంద్రానికి వచ్చేది. కుడి దారి మిట్టను చుట్టి, ఇంకో మూడు కోసులు తిరిగి పట్నం చేరేది. కుడి దారే వెడల్పు. మిట్ట అడ్డం కాబట్టి చీలిక దగ్గర నిలబడ్డవాళ్ళకి పందిరి కనబడేది కాదు.

చలివేంద్రంలో ముగ్గురుండేవాళ్ళు. నీళ్ళు పోసే అవ్వ, బావిలోంచి తోడేవాడు, కొమ్ము ఊదేవాడు. కొమ్ము ఊదేవాడు వయసులో చిన్నవాడు. వేళ్ళు మడవకుండా లెక్కలు చేసేవాడు. ఇక్కడ నీళ్ళున్నాయని నలుగురికీ తెలియజెప్పడం అతని పని.

ముగ్గురికీ తిండి పట్నంలో ఉండే గాదెల ఆసామి పెట్టేవాడు. ప్రతి బేస్తవారం పొద్దున ఆయన బండిలో ఒక బస్తా జొన్నలు వచ్చేవి. పందిరికి తూర్పు వైపు నీడలో ఆయన కోసం ఒక నులక మంచం వేసి ఉండేది. దాని మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు.

కొమ్ము ఊదేవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. కొమ్ము నోరు అన్నం పెట్టినవాడి మంచం వైపు ఉండాలి. ఆ మనిషి మంచం మీద ఉన్నా, లేకపోయినా. అతని తాత అలాగే ఊదాడు, తండ్రి అలాగే ఊదాడు. అతను కూడా రోజూ పందిరికి పడమటి గుంజ దగ్గర నిలబడి, ఖాళీ మంచం వైపు తిరిగి ఊదేవాడు. మంచం వెనక, సూటిగా, పట్నం.

ఒక వేసవిలో గాదెల ఆసామి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"రోజుకు ఎంతమంది తాగుతున్నారు?" అని అడిగాడు.

"పంతొమ్మిది మంది, అయ్యా. నిన్న మాత్రం పదిహేడు," అన్నాడు కొమ్ము ఊదేవాడు.

"మా కొట్టంలో ఎద్దులే అంతకంటే ఎక్కువున్నాయి."

అవ్వ ముంత కడిగి ఆయనకి నీళ్ళిచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి మిగతాది ఇసుకలో పోశాడు.

"పట్నం వాకిట్లో రాతి ద్వారం కట్టించమని మా బావమరిది పోరుతున్నాడు. ద్వారమైతే వచ్చేపోయే ప్రతివాడూ తలెత్తి చూస్తాడు. ఈ పందిరిని ఎవడు చూస్తున్నాడు? నా అరుగు మీద కూర్చుంటే నాకు కొమ్ము వినబడాలి. వినబడితేనే నా జొన్నలు పనిచేస్తున్నట్టు. పౌర్ణమికి నలుగురు పెద్దమనుషుల్ని తీసుకొస్తాను. లెక్క చూపించు. బాగుంటే బండి వస్తుంది. లేకపోతే ఆ బస్తా రాళ్ళు చెక్కేవాళ్ళకి పోతుంది."

పౌర్ణమికి పదహారు రోజులుంది. బస్తా ఆగితే తోడేవాడు వెళ్ళిపోతాడు. తోడేవాడు లేకపోతే కుండలు నిండవు. కొమ్ము ఊదేవాడు అదంతా ఆసామి చెప్పులు తొడుక్కునే లోపలే లెక్క వేసుకున్నాడు.

"రోజుకు మూడొందల మందిని తెస్తానవ్వా," అన్నాడు.

"తీసుకురా. మూడొందల దాహాలు ఎక్కణ్ణించి తెస్తావు?" అంది అవ్వ.

అతను ఆ మాట పట్టించుకోలేదు. మర్నాడే పనిలోకి దిగాడు. ఇదివరకు పొద్దునా సాయంత్రమూ ఊదేవాడు. ఇప్పుడు రోజుకు ఏడుసార్లు ఊదాడు. సంతకి జనం బయల్దేరే వేళ ఒకసారి, అంగళ్ళు తెరిచే వేళ ఒకసారి. పాత బాణీ వదిలేసి పెళ్ళివారి ఎదురుకోలు బాణీ అందుకున్నాడు. కుండల్లో వట్టివేళ్ళు వేశాడు. పట్నంలో మజ్జిగ అమ్మే ఆమె దగ్గరికి వెళ్ళి, రోజూ రెండు కుండల మజ్జిగ పోస్తే కొమ్ము ఊదినప్పుడల్లా నీ పేరు కేకేస్తానన్నాడు. ఆమె నాలుగు కుండలు పోసింది.

మనిషికొక చింతగింజ చొప్పున ఒక పెద్ద కుండలో వేశాడు. మూడో రోజు వచ్చినవాళ్ళు యాభై నాలుగు. ఏడో రోజు నూట ముప్పై ఒకటి. పన్నెండో రోజు రెండు వందల అరవై.

పట్నం ఆడవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని గుంపులుగా వచ్చారు.

"ఇక్కడి నీళ్ళలో ఏలకులు వేస్తారంట."

"ఏలకులు లేవు, ఏమీ లేవు. మన బావి నీళ్ళలాగే ఉన్నాయి."

"మరి మన బావి దగ్గరే తాగొచ్చుగా? ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"మన బావి దగ్గర కొమ్ము ఊదరు కదే!"

వాళ్ళు ఒక గుక్క తాగి, బాగున్నాయని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుని, మిగిలిన నీళ్ళతో కాళ్ళు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. గాదెల ఆసామి తన అరుగు మీద కూర్చుని కొమ్ము వినేవాడు. దారిన పోయేవాళ్ళు చేతులు జోడించి, "మీ చలివేంద్రం మోగిపోతోందయ్యా," అనేవాళ్ళు. ఈ మాట బండివాడి ద్వారా కొమ్ము ఊదేవాడికి చేరింది. అతను ఆ రోజు ఎనిమిదోసారి కూడా ఊదాడు.

అవ్వ మోకాలి పక్కన ఒక చిన్న పిడత ఉండేది. అప్పుడప్పుడు, ఎప్పుడో ఒకసారి, ఆమె అందులో ఒక గింజ పడేసేది. ముసలివాళ్ళకి ఏవో అలవాట్లుంటాయి. అతను దాని సంగతి అడగలేదు.

పౌర్ణమికి ముందు రోజు మూడు వందల పన్నెండు గింజలు పడ్డాయి. కుండలు మిట్టమధ్యాహ్నానికే ఖాళీ అయ్యాయి. తోడేవాడు చేద దించితే బురద తగిలింది. జనం వెళ్ళిపోయారు. పందిరి చుట్టూ ఇసుక తడిసి, వందల పాదాల గుర్తులతో ఉంది.

ఎండ కాస్త వాలుతుండగా మిట్ట మీద ఒక మనిషి కనబడింది. దారిన కాదు, రాళ్ళ మీద పడుతూ లేస్తూ దిగి వచ్చింది. ఉప్పు మోసే మనిషి. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి.

"నీళ్ళు," అంది.

అవ్వ మొదటి కుండ వంచి చూసింది. రెండోది వంచింది. అలా ముప్పై కుండలూ వంచింది. కొమ్ము ఊదేవాడు గింజల కుండ చంకనెత్తుకుని నిలబడి చూస్తున్నాడు. ఆ కుండ బరువుగా ఉంది.

అవ్వ లోపలికెళ్ళి తన పూటకి దాచుకున్న అంబలి తెచ్చింది. ఉప్పు మనిషి రెండు గుక్కలు తాగి ఆపేసింది.

"మా మామ అటు పక్క పడిపోయాడు. ఇది ఆయనకి," అంది.

"నడవలేడా?"

"లేస్తే కదా నడవడానికి."

అవ్వ చుట్టూ చూసింది. మనిషిని మోసుకురావడానికి పనికొచ్చేది అక్కడ ఒకటే ఉంది.

"అది ఆసామి మంచం," అన్నాడు తోడేవాడు.

"నేనేమన్నా గుడ్డిదాన్నా? ఎత్తండి," అంది అవ్వ.

కొమ్ము ఊదేవాడు ముందు వైపు, తోడేవాడు వెనక వైపు పట్టుకున్నారు. ఉప్పు మనిషి అంబలి ముంత ఒలక్కుండా పట్టుకుని దారి చూపింది. మిట్టెక్కుతుంటే కొమ్ము ఊదేవాడు ఉండబట్టలేక అడిగాడు.

"మా కొమ్ము వినలేదా?"

"ఏ కొమ్ము?"

"పొద్దుటి నించి ఏడుసార్లు ఊదాను!"

"చీలిక దగ్గర మేం చాలాసేపు నిలబడ్డాం. ఎటు పోవాలో తెలీక చెవులు రిక్కించాం కూడా. గాలి హోరు తప్ప ఏమీ లేదు. వెడల్పు దారి కదా అని కుడికి పోయాం." ఆమె ఊపిరి తీసుకుంది. "నువ్వు ఎటు తిరిగి ఊదుతావు?"

అతను చేతులు ఖాళీ లేక గడ్డంతో తూర్పు చూపించాడు.

"అటు ఎవరున్నారు?"

"పట్నం."

"పట్నంలో నీళ్ళు లేవా?"

తోడేవాడు వెనక నుంచి దగ్గాడో నవ్వాడో తెలియలేదు. 

కుడి దారిలో, ఉప్పు మూట నీడలో, ముసలాయన పడి ఉన్నాడు. అంబలి చుక్క చుక్కగా నోట్లో పోశారు. గొంతు కదిలింది. మంచం మీద పడుకోబెట్టి మిట్ట ఎక్కించి దించారు. పందిరి ఇంకా ఇరవై అడుగులుందనగా మోసేవాళ్ళ భుజాలు వదిలేశాయి. అక్కడ ఒక కానుగ చెట్టుంది. మంచం ఆ చెట్టు కింద దించారు. అది పందిరికి పడమర.

అప్పటికి బావిలో ఒక కుండెడు నీళ్ళు ఊరాయి. అవ్వ ముంత నింపి తెచ్చింది. ముసలాయన తాగాడు. ఇంకోటి అన్నాడు. అది కూడా తాగాడు. అవ్వ వెళ్ళి పిడతలో ఒక గింజ వేసింది.

"ఆ పిడత దేనికవ్వా?" అన్నాడు కొమ్ము ఊదేవాడు. ఆ సంగతి అడగడం అదే మొదటిసారి.

"రెండో ముంత అడిగినవాళ్ళకి."

అతను పిడత బోర్లించి లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది.

"ఇవి ఎన్నాళ్ళవి?"

"నువ్వు ఏడుసార్లు ఊదడం మొదలెట్టిన రోజు ఖాళీ చేశాను. అంతకుముందు రోజుకు ఆరో ఏడో పడేవి. ఇప్పుడు రెండు, మహా అయితే మూడు. మధ్యాహ్నానికే కుండలు ఎండిపోతే రెండో ముంత ఎవరడుగుతారు?"

అతను పెద్ద కుండ కూడా బోర్లించాడు. పదిహేను రోజులకి రెండు వేల ఏడు వందల నాలుగు గింజలు. రోజుకు వచ్చేవాళ్ళు పంతొమ్మిది నించి మూడొందల పన్నెండుకి, పదహారు రెట్లు పెరిగారు. రెండో ముంత అడిగేవాళ్ళు మాత్రం ఆరు నించి రెండయ్యారు. అతను లెక్క ఇంకోసారి చేశాడు. లెక్కలో తప్పు లేదు.

"ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు పెద్ద కుండ సంగతే అడిగావు, అబ్బీ."

పౌర్ణమి నాడు పొద్దున్నే కుండలు నిండాయి. ముసలాయన మంచం మీదే నిద్రపోతున్నాడు. కోడలు పక్కన నేల మీద కూర్చుని విసురుతోంది.

"ఆయన్ని చాప మీదికి దించి, మంచం తూర్పుకి లాగుదాం. ఆసామి వచ్చే వేళయింది," అన్నాడు తోడేవాడు.

కొమ్ము ఊదేవాడు మంచం వైపు చూశాడు. మంచం వెనక మిట్టని చూశాడు. తర్వాత చేతిలో ఉన్న కొమ్ముని చూసుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు.

గాదెల ఆసామి నలుగురు పెద్దమనుషులతో వచ్చాడు. వెనక పట్నం జనం. ఎప్పుడూ కూర్చునే చోట నాలుగు మంచంకోళ్ళ గుంటలు మాత్రం ఉన్నాయి. ఆయన వాటి దగ్గర ఆగిపోయాడు.

"నా మంచమేది?"

"అక్కడుందయ్యా, కానుగ కింద."

"ఎవరా పడుకున్నది?"

"ఉప్పు మోసే మనిషి. ఎండకి పడిపోయాడు."

పెద్దమనుషులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆసామి మొహం బిగుసుకుంది. మంచం సంగతి తర్వాత చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఊదు," అన్నాడు.

కొమ్ము ఊదేవాడి దగ్గర రెండు లెక్కలున్నాయి. ఒకదానికి బస్తా వస్తుంది. అతను పందిరి దాటి పడమటి వైపుకి వచ్చాడు. మంచం వైపు తిరిగాడు. అతని వీపు ఆసామికీ, పెద్దమనుషులకీ, పట్నానికీ ఒకేసారి కనబడింది. గుండె నిండా గాలి పీల్చి ఊదాడు. పెళ్ళివారి బాణీ కాదు, తండ్రి నేర్పిన పాత బాణీ. ఆ మోత కానుగ చెట్టు మీదుగా వెళ్ళి, మిట్ట దాటింది.

మంచం మీద ముసలాయన కళ్ళు తెరిచాడు.

"నాకు వీపు చూపిస్తున్నావా?" అన్నాడు ఆసామి.

"మీ మంచానికి మొహం చూపిస్తున్నానయ్యా. ఆనవాయితీ తప్పలేదు."

ఒక పెద్దమనిషి నవ్వాపుకోలేకపోయాడు. "గాలి ఊదడమే కాదు, మాట కూడా నేర్చాడు వీడు," అన్నాడు.

"లెక్క చెప్పు," అన్నాడు ఆసామి.

"పెద్ద కుండలో రెండు వేల ఏడు వందల నాలుగు."

పట్నం జనం సంబరంగా గోలచేశారు. పెద్దమనుషులు తలలాడించారు.

"ఈ పిడతలో ముప్పై తొమ్మిది."

"ఇదేం లెక్క?"

"రెండో ముంత అడిగినవాళ్ళది," అంది అవ్వ.

ఆసామి పిడత చేతిలోకి తీసుకుని ఆడించాడు. గింజలు కొంచెం చప్పుడు చేశాయి.

కొమ్ము ఊదేవాడు రెండోసారి ఊదాడు. మూడోసారి ఊదాడు. పట్నం జనంలో కొందరు, ఇవాళ పాట బాగాలేదని చెప్పుకుని వెనక్కి తిరిగారు. నాలుగోసారి ఊదినప్పుడు మిట్ట మీద ఒక తల లేచింది. దాని మీద ఉప్పు మూట. దాని వెనక నాలుగు తలలు, ఇంకో ఆరు. పదకొండు మంది మిట్ట దిగి వచ్చారు. మంచం పక్క నుంచి, కొమ్ము పక్క నుంచి, పెద్దమనుషుల మధ్య నుంచి నేరుగా కుండల దగ్గరికి వెళ్ళారు. ఎవరూ ఆసామికి దండం పెట్టలేదు. ఆయనెవరో వాళ్ళకి తెలియదు.

"కాస్త జరుగు, పెద్దాయనా. కుండకి అడ్డం నిలబడ్డావు," అన్నాడు వాళ్ళలో ఒకడు.

గాదెల ఆసామి జరిగాడు.

అవ్వ పోస్తూ ఉంది.  గుటకల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె చేతులు ఖాళీ లేకపోవడంతో తోడేవాడే పిడతలో గింజలు వేశాడు. పదకొండు వేశాడు.

ఆసామికి కాళ్ళు లాగాయి. కూర్చోవడానికి చోటు కోసం చూశాడు. నడిచి వెళ్ళి మంచం చివర, ముసలాయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ముసలాయన కాళ్ళు కొంచెం ముడుచుకుని చోటిచ్చాడు.

"నువ్వు కూడా ఆ నేల దాటొచ్చావా?" అని అడిగాడు.

"లేదు. నాది ఇటు పక్కే."

"అయితే అదృష్టవంతుడివి. కూర్చో."

ఆసామి అక్కడ కూర్చుని చాలాసేపు మిట్ట వైపు చూశాడు. ఆ మంచం మీద కూర్చుంటే మిట్ట రాళ్ళ మీది ఎండ కళ్ళలో కొడుతుంది. తర్వాత లేచాడు.

"ఇలా తిప్పి ఊదితే నా అరుగు మీదికి వినబడుతుందా?"

"వినబడదయ్యా," అన్నాడు కొమ్ము ఊదేవాడు.

ఆసామి పట్నం దారి పట్టాడు. పెద్దమనుషులు దారి పొడుగునా రాతి ద్వారం ఎంత ఎత్తుండాలో మాట్లాడుకుంటూ నడిచారు. మర్నాటి నుంచి మజ్జిగ ఆమె రాలేదు. ఆమె పేరు ఇప్పుడు ఎవరికీ వినబడటం లేదు. పట్నం జనం కూడా రాలేదు. ఉప్పు ముసలాయన మూడో రోజు లేచి, కోడలితో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మంచం కానుగ కిందే ఉండిపోయింది. కొమ్ము ఊదేవాడు ఖాళీ మంచం వైపు తిరిగి ఊదుతూ వచ్చాడు.

మొదటి రోజు ఇరవై మూడు మంది తాగారు. పిడతలో ఇరవై. తర్వాత ఇరవై ఏడు, ఇరవై నాలుగు. ఆ తర్వాత ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది. జొన్నల బస్తా అడుగు కనబడింది. అవ్వ అంబలి పలచన చేసింది.

బేస్తవారం పొద్దున బండి రాలేదు. మధ్యాహ్నానికి కూడా రాలేదు. తోడేవాడు తన పంచె మడిచి మూట కట్టుకున్నాడు, కానీ చేద మాత్రం వదల్లేదు. "ఈ పూటకి తోడేసి పోతా," అన్నాడు. కొమ్ము ఊదేవాడు ఇంకో బస్తా ఎక్కడ దొరుకుతుందా అని పట్నంలో ఉన్న ఇళ్ళన్నీ మనసులో లెక్కపెట్టాడు. ఏ ఇంటి అరుగుకీ ఈ కొమ్ము వినబడదు.

పొద్దు వాలుతుండగా తూర్పు దారిలో దుమ్ము లేచింది. బండిలో ఒక బస్తా, ఎప్పటిలాగే. బండివాడు దిగి, పందిరినీ కుండలనీ ఆశ్చర్యంగా చూశాడు.

"మీరింకా ఉన్నారే! చలివేంద్రం మూతపడిందని పట్నమంతా అనుకుంటున్నారు. కొమ్ము వినబడట్లేదు కదా. పాపం ఆసామిని అరుగు దగ్గరికొచ్చి ఓదార్చి పోతున్నారు."

"ఆయనేమన్నాడు?" అంది అవ్వ.

"ఏమనలేదు. పొద్దున్నే బండి కట్టనా అని అడిగాను. ఆగమన్నాడు. అరుగు మీద కూర్చుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇటు తిరిగి విన్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. వింటూనే ఉన్నాడు."

"ఏం వినబడిందంట?" అన్నాడు కొమ్ము ఊదేవాడు.

బండివాడు బస్తా భుజానికెత్తుకుని తల అడ్డంగా ఊపాడు.

"అదే నేనూ అడిగాను. ఏమీ వినబడలేదన్నాడు. బండి కట్టమన్నాడు."